ఇంట్లో తప్పించుకున్న బాల్ పైథాన్‌ను ఎలా వెతికి పట్టుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: నెల్లూరు వేదాయపాళెంలో రెండో అంతస్తు అద్దె ఇల్లు. మూడున్నర అడుగుల ఆడ బాల్ పైథాన్ (విషం లేని ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ), కాగితాలన్నీ ఉన్నాయి. మొన్న రాత్రి దాన్ని ఉంచే టబ్బు మూత క్లిప్పు ఒకవైపు సరిగా పడలేదు, తెల్లారేసరికి పాము లేదు. అమ్మగారు టెన్షన్‌తో చిన్నమ్మ ఇంటికి వెళ్ళిపోయారు. వెనక ఉన్న ఖాళీ ప్లాటులోకి దిగిపోయిందేమో అని మీ భయం. ఎలా పట్టుకోవాలి, ఎలుక వాసనతో రప్పించవచ్చా, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏమని పెట్టాలి అన్నారు.

ఒంగోలు, కందుకూరు, కావలి వైపు ఇళ్ళలో దూరిన పాముల్ని అటవీశాఖ వాళ్ళు పిలిచినప్పుడు వెళ్ళి పట్టి వదిలే పని నేను చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. పెంపుడు పాములు తప్పిపోయిన ఇళ్ళకూ వెళ్ళాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ పాము ఇంకా ఇంట్లోనే ఉండే అవకాశమే చాలా ఎక్కువ. పడమటి, మధ్య ఆఫ్రికాలో ఈ జాతి పగలంతా ఎలుకల బొరియల్లో, చెదల పుట్టల్లో ముడుచుకుని పడుకుంటుంది. దూరం తిరిగే పాము కాదు. బయటికి రాగానే గోడ వెంబడి పాకుతూ వెళ్ళి, ఒళ్ళు రెండు వైపులా తగిలేంత ఇరుకైన చీకటి సందు దొరికితే అందులో దూరి కదలకుండా ఉండిపోతుంది. తిండి గురించి దిగులు పెట్టుకోకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద బాల్ పైథాన్ వారాలు కాదు, నెలలు కూడా తినకుండా ఉండగలదు. నీళ్ళు మాత్రం కావాలి.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఇది కార్తీకం, ఈశాన్య రుతుపవనాల వానలు పడుతున్నాయి. ఈ రోజుల్లో బొరియల్లో నీళ్ళు నిండి నాగుపాములు, కట్లపాములు, రక్తపింజరలు మెరకకు చేరతాయి, ఇళ్ళలోకీ వస్తాయి. మీ ఇంటి వెనక సర్కారు తుమ్మ పెరిగిన ఖాళీ ప్లాటు ఉందన్నారు. అంటే ఈ వారంలో మీ వీధిలో కనిపించే ప్రతి పామూ మీది కాదు. చీకటి సందులో రెండు అంగుళాల మచ్చల ఒళ్ళు కనిపించగానే "దొరికిందిరా" అని చెయ్యి పెట్టడం, ఇవాళ మీరు చేయగలిగిన అతి ప్రమాదకరమైన పని. కనిపించింది మీదేనని కళ్ళతో తేల్చుకున్నాకే చెయ్యి పెట్టండి. ఇంట్లో వాళ్ళకీ ఇదే చెప్పండి.

గ్రూపులో పెట్టే మెసేజ్ గురించి ముందు చెబుతాను, ఎందుకంటే చాలామంది మంచి ఉద్దేశంతోనే ఇక్కడ తప్పుగా రాస్తారు. "మా పెంపుడు పాము తప్పిపోయింది, విషం లేదు, కరవదు, కనిపిస్తే భయపడకండి" అని రాస్తారు. దాంతో పాటు ఫొటో. ఆ ఫొటో చూసిన పిల్లవాడికి రేపు మెట్ల కింద రక్తపింజర కనిపిస్తే ఇది ఆ అన్న పామే అనుకుంటాడు. పెద్దవాళ్ళే రక్తపింజరను కొండచిలువ పిల్ల అనుకోవడం మన ఊళ్ళలో మామూలు. ఒంగోలులో ఒక ఇంట్లో చెప్పుల స్టాండు వెనక చుట్టుకుని ఉన్న రక్తపింజరను చూపించి, "చిన్న కొండచిలువండీ, పాపం ఏమీ అనడం లేదు" అని ఆ ఇంటి పెద్దాయన నాతో అన్నారు. అది ఏమీ అనకపోవడానికి కారణం దాని స్వభావం. ముందు కదలకుండా ఉండటాన్నే నమ్ముకుంటుంది, మరీ దగ్గరికి వెళ్తే గట్టిగా బుస కొడుతుంది, తర్వాత కొట్టే దెబ్బ కంటికి కనిపించదు. కాబట్టి మీ మెసేజ్ ఇలా ఉండాలి: "మా పెంపుడు పాము ఇంట్లోంచి తప్పిపోయింది. మీకు ఏ పాము కనిపించినా దగ్గరికి వెళ్ళకండి, కొట్టకండి, పట్టుకోకండి. దూరం నుంచి దాని మీద కన్నేసి ఉంచి వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి." విషం లేదన్న మాట మీ పాము గురించి నిజమే అయినా ఆ మెసేజ్‌లో వద్దు. అడిగినవాళ్ళకు నోటితో చెప్పండి. వాచ్‌మన్‌కి, పాలు పోసే ఆయనకి, ఇంట్లో పనిచేసే ఆమెకి విడిగా చెప్పండి, వాళ్ళు వాట్సాప్ చూడకపోవచ్చు. మెట్ల కింద, మోటారు గదిలో ముందుగా కనిపించేది వాళ్ళకే. ఇంటి ఓనరుకు ఇవాళే చెప్పండి. ఆయనకు వేరేవాళ్ళ నోట తెలిస్తే కర్రలు పట్టుకుని పదిమంది వస్తారు, అప్పుడు మీ పాముకి దిక్కులేదు.

ఇక తేడా ఎలా గుర్తుపట్టాలి. మీ ఫోనులో మీ పాము ఒంటి మీది మచ్చలు దగ్గరగా తీసిన ఫొటోలు ఉండే ఉంటాయి, వాటిని ముందు తెరిచి పెట్టుకోండి. ఏ రెండు బాల్ పైథాన్‌ల మచ్చలూ ఒకేలా ఉండవు, కాబట్టి సందులో కనిపించే చిన్న ముక్కను కూడా ఫోన్ కెమెరాతో జూమ్ చేసి పోల్చి చూసుకోవచ్చు. బాల్ పైథాన్ పొలుసులు నున్నగా టార్చి వెలుగుకి మెరుస్తాయి, ముదురు గోధుమ రంగు మీద లేత పసుపు మచ్చలు ఒక వరస లేకుండా రకరకాల ఆకారాల్లో ఉంటాయి. రక్తపింజర ఒళ్ళు మెరవదు. ప్రతి పొలుసు మధ్యలో గీత లేచి గరుకుగా ఉంటుంది. వెన్ను మీదా, రెండు పక్కలా నల్ల అంచు ఉన్న కోడిగుడ్డు ఆకారపు మచ్చలు మూడు వరసల్లో గొలుసు కట్టినట్టు సాగుతాయి. నల్లగా నిగనిగలాడుతూ సన్నటి తెల్ల అడ్డపట్టీలు ఉంటే అది కట్లపాము, ఒక్క అడుగు కూడా ముందుకు వేయొద్దు. మీరు ఉదయగిరి, కనిగిరి లాంటి మెట్ట ప్రాంతంలో ఉండి ఉంటే చిన్న పింజర గురించి కూడా చెప్పేవాడిని. అడుగు, అడుగున్నర ఉండే ఆ పాము పొలుసులు ఒకదానికొకటి రాసుకుని గరగరమని చప్పుడు చేస్తుంది. పోలిక తేలకపోతే తలుపు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, అటవీశాఖ వాళ్ళకు ఫోన్ చేయండి. అనుమానం ఉన్న పాము మీదే అయినా గంట ఆగితే దానికి పోయేది ఏమీ లేదు.

వెతకడం మొదలుపెట్టే ముందు ఇల్లు మూసేయండి. ఏ గదికి ఆ గది తలుపు వేసి, కింద సందులో తడి లేని తువ్వాలు గట్టిగా కుక్కండి. బాత్రూం జాలీ మీద బరువైన రాయి పెట్టండి, కమోడ్ మూత దించి దాని మీద కూడా బరువు పెట్టండి. ఏసీ పైపు గోడలోంచి వెళ్ళే రంధ్రం, ఎగ్జాస్ట్ ఫ్యాను సందు, వంటింటి సింకు కింద గొట్టం నేలలోకి దిగే చోటు, వెంటిలేటరు, బాల్కనీ నీళ్ళు పోయే గొట్టం, ఇవన్నీ ఒకసారి చూసి మూయండి. రెండు వేళ్ళు దూరే సందుని కూడా వదలకండి. ఇంట్లో ఎలుకల కోసం పెట్టిన జిగురు అట్టలు ఉంటే ముందు తీసి పారేయండి, ఎలుకల మందు కూడా. జిగురుకి అంటుకున్న పాము విడిపించుకోవాలని గింజుకుని చర్మం చీల్చుకుంటుంది. అప్పటికే అంటుకుని కనిపిస్తే లాగకండి, వంటనూనె కొద్దికొద్దిగా పోస్తూ జిగురు వదిలే దాకా ఓపికగా విడదీయాలి. మందు తిన్న ఎలుకను పాము మింగితే ఆ విషం పాముకీ ఎక్కుతుంది.

ఇంకా కొన్ని ఆపాలి. వాషింగ్ మెషీన్ వేయకండి, దాని అడుగు భాగం తెరిచి ఉంటుంది. రిక్లైనర్ సోఫా ఉంటే మడవకండి. బీరువాను, ఫ్రిజ్‌ను నేల మీద ఈడ్వకండి, కింద పాము ఉంటే నలిగిపోతుంది. ఇద్దరు పట్టుకుని ఎత్తి జరపాలి, అదీ ముందు టార్చితో కిందంతా చూశాకే. కిరోసిన్, ఫినాయిల్, వెల్లుల్లి రసం, గంధకం పొగ లాంటివి ఎవరు చెప్పినా వద్దు. వాటితో పాము బయటికి రాదు, ఇంకా లోపలికి దూరుతుంది. కిరోసిన్, ఫినాయిల్ దాని ఒంటి మీద పడితే చర్మం కాలుతుంది, ఆ ఆవిరి ఊపిరితిత్తుల్నీ పాడుచేస్తుంది. నాగుల చవితి వెళ్ళిన రోజుల్లో ఉన్నాం కదా, గిన్నెలో పాలు పెట్టమని తప్పకుండా ఎవరో ఒకరు చెబుతారు. పాలు పాము ఆహారం కాదు. అదే గిన్నెలో నీళ్ళు పెట్టండి, అది నిజంగా పనికొస్తుంది.

ఇప్పుడు వెతుకులాట. మొదట టబ్బునే వెతకండి. లోపల వేసిన కొబ్బరి పీచు మొత్తం తీసి, దాక్కునే పెట్టెను తిరగేసి, టబ్బు కింద, దాని స్టాండు వెనక చూడండి. పోయిందనుకున్న పాము పీచు అడుగున పడుకుని ఉండటం నేను చూశాను. తర్వాత అదే గది. గోడ వెంబడి, నేల నుంచి పైకి, ఒక మూల నుంచి మొదలుపెట్టి ఒకే దిశలో వెళ్ళండి. చూసిన చోటికి చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి, లేకపోతే కంగారులో ఒకే మూలను పదిసార్లు చూసి పక్క మూలను వదిలేస్తారు. సొరుగుల్ని తెరిచి చూడటం చాలదు, పూర్తిగా బయటికి లాగి వాటి వెనక ఖాళీలో చూడాలి. మంచం పెట్టె మూలలు, పుస్తకాల వెనక, చుట్టిపెట్టిన చాపల లోపల, మడతపెట్టిన దుప్పట్ల మధ్య, బూట్లలో, కర్టెను పైన రాడ్డు దగ్గర కూడా చూడండి. ఇది నేల మీద తిరిగే పామే అయినా ఎక్కలేనిది కాదు. సోఫాను జాగ్రత్తగా వెనక్కి వాల్చి అడుగున వేసిన నల్లగుడ్డ ఎక్కడైనా చిరిగి ఉందేమో చూడండి. చిరిగి ఉంటే ఆ గుడ్డను మొత్తం విప్పి టార్చి వేయాల్సిందే, అవి పాములకు ఎంతో ఇష్టమైన చోట్లు.

ఏ కాలంలో ఎక్కడ వెతకాలన్నది ముఖ్యం. బయటి దేశాలవాళ్ళు చెప్పే సలహాల్లో ముందు వేడి చోట్లు చూడమంటారు, వాళ్ళ ఇళ్ళు చల్లగా ఉంటాయి కనుక. మన నెల్లూరులో మే నెలలో పాము తప్పిపోతే దీనికి పూర్తిగా తిరగేసి ఆలోచించాలి. ఆ పడమటి గాలుల్లో అది చల్లదనం, తడి కోసం బాత్రూంలోకి, నీళ్ళ డ్రమ్ము కిందకి, గచ్చు చల్లగా ఉండే దేవుడి గదిలోకి చేరుతుంది. ఇప్పుడు వానలు, రాత్రి కాస్త చలి. అందుకని వెచ్చగా ఉండే చోట్లు ముందు చూడండి. ఇన్వర్టరు వెనక, వైఫై రూటరు, సెట్‌టాప్ బాక్సు పెట్టిన టీవీ అలమర, కంప్యూటరు, అన్నిటికన్నా ముందు ఫ్రిజ్. ఫ్రిజ్ వెనక కింది భాగంలో కంప్రెసరు, దాని పైన నీళ్ళు చేరే చిన్న ట్రే ఉంటుంది. వెచ్చదనం, తడి, చీకటి, మూడూ ఒకేచోట. కందుకూరులో ఒక ఇంట్లో నాలుగు రోజులుగా వెతుకుతున్న బాల్ పైథాన్ ఆ ట్రేలోనే దొరికింది. ప్లగ్గు తీసి, ఫ్రిజ్ ముందుకి ఎత్తి పెట్టి, వెనక రేకు స్క్రూలు విప్పితే ఒళ్ళంతా బంతిలా చుట్టి, తలను లోపల పెట్టుకుని నిద్రపోతున్నట్టు ఉంది. వెలుగు పడగానే నాలుక ఒకసారి బయటపెట్టి చూసింది, అంతే. ఆ ఇంటి అమ్మాయి ఏడుస్తూనే రెండు చేతులతో ఎత్తుకుంది. మీరు మాత్రం ప్లగ్గు తీయకుండా వెనక రేకు ముట్టుకోవద్దు.

పగలు దొరక్కపోతే రాత్రి దాని వేళ, అప్పుడు మీరు పరిగెత్తి వెతకక్కర్లేదు, కాపు కాయాలి. సాయంత్రం ప్రతి గడప దగ్గరా వరిపిండి పలచగా ఒక జానెడు వెడల్పున చల్లండి. ముగ్గు పిండి వద్దు, రాతి పొడి ముక్కులోకి పోతుంది. పాము దాటితే పిండిలో వెడల్పుగా, నున్నగా ఒక చార పడుతుంది, బొద్దింక, బల్లి, ఎలుక జాడలకి దానికి పోలికే ఉండదు. ఏ గదిలోంచి ఏ గదికి వెళ్ళిందో దాంతో తెలిసిపోతుంది. చీమలు వస్తాయి, తెల్లారగానే ఊడ్చేయండి. గోడల వెంబడి నలిపిన క్యారీ బ్యాగులు, పాత పేపర్లు పరిస్తే మూడున్నర అడుగుల పాము పాకేటప్పుడు గలగలమంటాయి. లైట్లు, టీవీ, ఫ్యాన్లు ఆపి, గది మధ్యలో కుర్చీ వేసుకుని కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోండి. తొమ్మిది తర్వాత, మళ్ళీ తెల్లవారుజామున ఎక్కువగా కదులుతుంది. చప్పుడు వినగానే టార్చి వేసి, మచ్చలు చూసి, ఆ తర్వాతే లేవండి. ఈ రోజుల్లో ఎవరూ నేల మీద పడుకోకండి, మంచం మీద దోమతెర అంచులు పరుపు కిందకి దోపుకుని పడుకోండి. ఇది మీ పాము కోసం చెప్పడం లేదు, కట్లపాము కోసం. అది రాత్రి నిద్రలో ఉన్నవాళ్ళని కరుస్తుంది, కాటు నొప్పి కూడా సరిగా తెలియదు.

ఎలుక వాసనతో రప్పించడం గురించి అడిగారు. ఫ్రీజర్‌లో పెట్టిన ఎలుకను కరిగించి, వేడినీళ్ళలో కాస్త వెచ్చబెట్టి, దాక్కునే పెట్టె పక్కన పెడితే పాము రావచ్చు, ఈ జాతికి పై పెదవి మీద వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి. కానీ తలుపులు, కిటికీలు అన్నీ మూసిన గదిలోనే చేయండి. బయటి పాములకూ ఎలుక వాసన తెలుస్తుంది, నాగుపాముని మనమే పిలిచినట్టు అవుతుంది. చీమలు పట్టకుండా నీళ్ళ పళ్ళెంలో గిన్నె పెట్టి, తెల్లారేసరికి తీసేయండి. బతికున్న ఎలుకను మాత్రం వదలొద్దు, ఆకలి లేని పామును ఎలుకే కొరికి గాయం చేస్తుంది. నా మాట అడిగితే ఎలుక కన్నా తడి గుడ్డ వేసిన దాక్కునే పెట్టె మంచిది. చిన్న రంధ్రం ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు రెండు మూడు గదికొకటి చొప్పున గోడకు ఆనించి పెట్టి, పొద్దున పూట మూత తీసి చూడండి.

దొరికాక పట్టుకోవడం మీకు తెలిసిందే, అయినా కంగారులో మర్చిపోతారు కనుక చెబుతున్నాను. చేతులు సబ్బుతో కడుక్కోండి, ఎలుక వాసన ఉండకూడదు. పక్క నుంచి వెళ్ళి, నడుము కింద ఒక చెయ్యి, వెనక భాగం కింద ఇంకో చెయ్యి పెట్టి ఎత్తండి. సందులో ఇరుక్కుంటే తోక పట్టి లాగొద్దు. అది ఒళ్ళు ఉబ్బించి గట్టిగా బిగుసుకుంటుంది, వెన్నుపూస దెబ్బతింటుంది. తోక చివర మెల్లగా నిమిరితే చాలా పాములు ముందుకు కదులుతాయి, కదలకపోతే ఆ అలమర స్క్రూలు విప్పడమే దారి. కరిస్తే చెయ్యి వెనక్కి లాక్కోకండి, పళ్ళు వెనక్కి వంగి ఉంటాయి కనుక మీకూ చీరుకుంటుంది, దానికీ పళ్ళు విరుగుతాయి. కదలకుండా ఉంటే చాలాసార్లు అదే వదులుతుంది, లేకపోతే మూతి మీద చల్లనీళ్ళు పోయండి. తర్వాత సబ్బుతో బాగా కడిగి, టీటీ ఇంజెక్షన్ గురించి డాక్టరును అడగండి.

కరిచింది ఏ పామో తెలియకపోతే మాత్రం మీ పామే అయి ఉంటుందిలే అని ఇంట్లో కూర్చోవద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కరిచిన చెయ్యిని లేదా కాలుని కదలనీయకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి. కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయించుకోవడం ఏదీ వద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ కలిపి పనిచేసే మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇస్తారు. పామును వెతికి చంపి తీసుకెళ్ళే పని లేదు.

వారం దాటినా కనపడకపోతే ఆశ వదలొద్దు, నెల తర్వాత అదే ఇంట్లో దొరికినవి ఉన్నాయి. ఇంట్లో కుబుసం గానీ, రెట్టతో పాటు తెల్లటి గట్టి ముద్ద గానీ కనిపిస్తే అది అక్కడే ఉందని అర్థం. బయటికి పోయిందన్న ఆధారం ఉంటే, అంటే పిండిలో జాడ బాల్కనీ గొట్టం దాకా వెళ్ళి ఆగితే, కింద మెట్ల కింద, మోటారు గది, ఇటుకల కుప్ప, బైకుల సీట్ల కింద పగటిపూట వెతకండి. ఖాళీ ప్లాటులోకి మీరు దిగవద్దు. మన వైపు పొలం గట్ల మీద ఎలుకలు పట్టే యానాది పెద్దలకు బొరియ మట్టి చూసి లోపల ఎలుక ఉందో పాము ఉందో చెప్పే నైపుణ్యం ఉంది. తెలిసినవాళ్ళు ఉంటే జాడ చూసి చెప్పమని అడగండి, తవ్వే పని మాత్రం వాళ్ళ మీద పెట్టకండి, అది అటవీశాఖ వాళ్ళతో కలిసి చేయాలి.

చట్టం సంగతి. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణతో బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులు నాలుగో షెడ్యూల్ (ఆ చట్టంలోని జాతుల పట్టిక) కిందకి వచ్చాయి, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. మీరు చేయించారు కాబట్టి భయపడాల్సింది లేదు. ఆ నమోదు కాగితం నకలు, పాము ఫొటో పెట్టి, ఎప్పుడు తప్పిపోయిందో రాసి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో ఇవాళే ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. రేపు ఎవరైనా దాన్ని కొండచిలువ అని పట్టి అప్పగిస్తే, మీదేనని చెప్పడానికి ఆ కాగితమే ఆధారం, లేకపోతే వాళ్ళు అడవిలో వదిలేసే ప్రమాదం ఉంది. ఇది చదివేవాళ్ళలో ఎవరి దగ్గరైనా మన దేశపు కొండచిలువో, రెండు తలల పామో ఉంటే వాళ్ళకు ఈ సలహాలు వర్తించవు. వాటిని ఇంట్లో ఉంచుకోవడమే నేరం, అటవీశాఖకు అప్పగించాల్సిందే.

పాము దొరికాక శుభ్రమైన టబ్బులో, నీళ్ళ గిన్నెతో, ఒక వారం ఎవరూ ముట్టుకోకుండా ఉంచండి, ఆ తర్వాతే తిండి. మూతి చుట్టూ, పొట్ట కింద గాయాలు, మాడిన మచ్చలు ఉన్నాయేమో చూడండి. నోరు తెరిచి ఊపిరి తీసుకుంటున్నా, మూతి దగ్గర నురగ కనిపించినా ఆలస్యం చేయకుండా తిరుపతి వెటర్నరీ కాలేజీకి గానీ, చెన్నైలో సరీసృపాలను చూసే డాక్టరు దగ్గరికి గానీ తీసుకెళ్ళండి. వెళ్ళే ముందు ఫోన్ చేసి, పామును చూసేవాళ్ళు ఆ రోజు ఉన్నారో లేదో కనుక్కోండి. టబ్బుకి క్లిప్పులతో పాటు పైన ఒక బెల్టు వేయండి. దొరికిన సంగతి గ్రూపులో, రేంజ్ ఆఫీసులో, వాచ్‌మన్‌కి అదే రోజు చెప్పండి. చెబుతూ, ఇక నుంచి కనిపించే పాము ఏదైనా అది మీది కాదని కూడా స్పష్టంగా రాయండి.